డెన్జిల్ లెక్కలో మేం ఓడలేదు

డెన్జిల్ ట్రెవాస్కిస్ ఓటమిని ఒప్పుకునే మనిషి కాదు. తన ఓటమి సంగతి కాదు, మా పోర్త్‌గారో రగ్బీ క్లబ్బు ఓటమి. మేం ఎంత చిత్తుగా ఓడినా సరే, అందులోంచి ఏదో ఒక ముక్క ఏరి, దుమ్ము దులిపి, "ఇదిగో, ఇది మనం గెలిచాం" అని చేతిలో పెట్టేవాడు. ఆ ఏడు రెండో డివిజన్లో మేం ఓడిన తీరుకి ఆయనకి చేతినిండా పని దొరికింది.

ఆయన వృత్తి శవపేటికలు చేసి అంత్యక్రియలు జరిపించడం. ఊళ్ళో ఎవరు పోయినా ముందు నడిచేది ఆయన నల్లకోటే. అక్కడా ఇదే వరస. మా అత్తగారు పోయినప్పుడు సమాధి పక్కన నిలబడి, "డాక్టరు రెండేళ్ళన్నాడు, ఆవిడ తొమ్మిదేళ్ళు లాగింది. డాక్టరు మీద ఘనవిజయం!" అన్నాడు. ఏడుస్తున్న మా ఆయన కాస్తా పకపకా నవ్వేశాడు. పాస్టరుగారు నాకేసి కొరకొరా చూశారు, నేనేదో చేసినట్టు.

నేను క్లబ్బు బార్లో బీరు పోస్తాను, మాంసం, ఆలుగడ్డ కూరిన మా ఊరి పాస్టీలు కాలుస్తాను. పేరు లవ్‌డే. నాకు నోరెక్కువని ఊరంతా చెబుతూనే ఉంది కాబట్టి మళ్ళీ నేను చెప్పక్కర్లేదు.

సెప్టెంబరులో మొదటి మ్యాచి. లండన్ వైపు నుంచి వచ్చిన జట్టు మమ్మల్ని ఉతికి ఆరేసింది. డెన్జిల్ గొడుగు దులుపుకుంటూ డ్రెస్సింగ్ రూములోకి వెళ్ళాడు. ఎవడి మొహం ఎక్కువ వేలాడుతోందో వెతుక్కుని వాడి పక్కనే కూర్చోవడం ఆయన అలవాటు. ఆ రోజు దొరికినవాడు కిటో, మా జట్టులో ముందు వరసలో తోసే కొండంత మనిషి.

"ఏం నాయనా, గెలిచాం కదా?"

"పెద్దాయనా, నలభై పాయింట్ల తేడా!"

"అవి వాళ్ళు పరిగెత్తి సంపాదించుకున్నవిలే. స్క్రమ్ మాట చెప్పు. అందరూ తలలు దూర్చి తోసుకున్నప్పుడు వెనక్కి జరిగిందెవరు?"

కిటో ఆలోచించాడు. వాడికి అలవాటు లేని పని కదా, కొంచెంసేపు పట్టింది. "వాళ్ళే," అన్నాడు చివరికి.

"మరింకేం? స్క్రమ్ గెలిచాం. లేచి స్నానం చెయ్యి, కంపు కొడుతున్నావు."

అక్టోబరులో ఒకసారి చివరి పది నిమిషాలు గెలిచాం. ఇంకోసారి పాటలు గెలిచాం. అవతలివాళ్ళ జనం మూడు బస్సుల్లో వచ్చారు, అయినా వానలో మా జనం గొంతే పైకి వినబడిందట. నవంబరులో టాస్ గెలిచాం.

"టాస్ కూడా ఓ గెలుపేనా?" అని నేను కౌంటరు మీంచి దులిపేశాను.

"ఓడిపోతే టాస్ వల్లే ఓడామని ఏడుస్తారు కదమ్మా. గెలిచినప్పుడు ఒప్పుకోవద్దూ?"

"మీకు కళ్ళజోడు మార్చాలి."

"కళ్ళజోడు బానే ఉంది. బీరే తక్కువ పోశావు."

ఈ మనిషిలో ఇంకో వింత ఉంది. ఏ కొద్దిసార్లో మేం నిజంగా గెలిచినప్పుడు మాత్రం కనబడేవాడు కాదు. అందరం బల్లలెక్కి పాడుతుంటే ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది. "గెలుపు ఆయనకి పడదు, ఏరుకోడానికేమీ మిగలదుగా" అని నవ్వుకునేవాళ్ళం. నేనైతే ఇంటికెళ్ళి మూతి ముడుచుకుని పడుకుంటాడనే అనుకున్నాను.

డిసెంబరులో డెబ్బయ్యొకటి, సున్నా. సున్నా మాదే. ఆ రోజు బార్లో ఎవరూ స్కోరు గురించి మాట్లాడలేదు. ఈసారి డెన్జిల్ ఏం పట్టుకొస్తాడా అన్నదే అందరి బెంగ. ఆయన వానలో మైదానం చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని ఒకటే తిరుగుతున్నాడు. ఇక్కడ మ్యాచి అయ్యాక రెండు జట్లూ కలిసి తింటాయి. భోజనాలు సగానికొచ్చాయి, మనిషి జాడ లేదు.

"అయిపోయాడు," అన్నాడు మా కోచ్ జోరీ పాస్కో. "ఇవాళ ఆయన కూడా ఓడాడు."

అప్పుడు తలుపు తెరుచుకుంది. నీళ్ళోడుతూ నిలబడి బల్లలన్నీ కలియజూశాడు. అవతలి జట్టు కెప్టెన్ ఖాళీ ప్లేటు పట్టుకుని నా దగ్గరికి రావడం ఆయన కంటపడింది. అంతే, గొడుగు పైకెత్తాడు.

"రెండో పాస్టీ అడిగాడు! చూశారా? వాళ్ళ ఊళ్ళో ఇలాంటిది ఉంటే అడుగుతాడా? గెలిచాం!"

హాలంతా గొల్లుమంది. అబద్ధమెందుకు, నాకూ ఒళ్ళు పొంగింది. ఆ కెప్టెన్‌కి మూడోది కూడా పెట్టాను.

జోరీకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఏడు అట్టడుగున మిగిలిన జట్టు కింది డివిజన్‌కి పోతుంది. పోతే మాకొచ్చే డబ్బు సగానికి సగం పడిపోతుంది, కుర్రాళ్ళలో సగంమంది మళ్ళీ చేపల పడవలెక్కాలి, క్లబ్బు ఉంటుందో మూతపడుతుందో దేవుడికే తెలియాలి. ఫిబ్రవరిలో జోరీ డ్రెస్సింగ్ రూము గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దాయనా, మీ పుణ్యాన వీళ్ళకి ఓడడం హాయిగా ఉంటోంది. సీజను అయ్యేదాకా లోపలికి రాకండి."

డెన్జిల్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, బార్లోకొచ్చి నా ఎదుట కూర్చున్నాడు. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపమొస్తుంది కాబట్టి జోరీ బీరులో సగం నురుగే పోశాను.

ఆ శనివారం మళ్ళీ ఓడాం. కాసేపటికి కిటో వెనక తలుపులోంచి దొంగలా తొంగిచూశాడు.

"లవ్‌డే అక్కా, ఇవాళ ఏం గెలిచామట?"

"తుఫానులో కిక్కులు," అన్నాను. డెన్జిల్ అప్పటికే నా చెవిన వేశాడు.

కిటో వెళ్ళాడు, ఇంకొకడు వచ్చాడు. వాడి వెనక మరొకడు. ఆ తర్వాతి శనివారాలు నేను పాస్టీలతోపాటు గెలుపులు కూడా అమ్మినట్టయింది. మార్చి నెలాఖరులో ఓరోజు బారు కట్టేసే వేళకి జోరీయే వచ్చాడు. కాసేపు చేతులు నలుపుకున్నాడు.

"ఊరికే అడుగుతున్నా. ఆ పెద్దాయన... ఇవాళ ఏమన్నాడు?"

"మన కోచ్ రిఫరీని తిట్టకుండా మ్యాచంతా చూశాడన్నాడు. తన నోటిమీద తనే గెలిచాడట."

జోరీ నవ్వాపుకోలేక పోయాడు. పోతూ పోతూ, "వచ్చేవారం నుంచి లోపలికి రమ్మను," అన్నాడు.

అలా ఈడ్చుకుంటూ ఆఖరి మ్యాచికొచ్చాం. అట్టడుగున మేమూ, ఎక్కడో ఉత్తరాది కొసనున్న హాథర్‌బీ వాళ్ళూ. వాళ్ళు మాకంటే ఒక్క పాయింటే పైన. మేం గెలిస్తే వాళ్ళు పోతారు, లేకపోతే మేమే పోతాం. ఊళ్ళో కొట్లన్నీ మూసేశారు. డెన్జిల్ కూడా ఓ శవం అంత్యక్రియలు మర్నాటికి వాయిదా వేశాడు. "పోయినాయనకి తొందరేం లేదులే, ఆయనా మనవాడే," అన్నాడు.

చివరి నిమిషంలో మేం ఒకే ఒక్క పాయింటు ముందున్నాం. మావాడెవడో తప్పు చేశాడు, వాళ్ళకి పెనాల్టీ కిక్కు దొరికింది. అదీ గోలు స్తంభాలకి సరిగ్గా ఎదురుగా. బంతి వాటి మధ్యలోంచి పోతే వాళ్ళకి మూడు పాయింట్లు, మా పని సరి. వాళ్ళ కిక్కరు ఎరిక్ థాక్‌రే, పాతికేళ్ళు కూడా లేవు. మా ఇంటి పిల్లి తన్నినా వెళ్ళే కిక్కది. నేను ఏప్రన్ మొహానికి కప్పేసుకున్నాను.

ఠంగుమని చప్పుడు. బంతి స్తంభానికి తగిలి వెనక్కొచ్చి పడింది. విజిల్!

ఆ తర్వాత ఎవరు ఎవర్ని ముద్దెట్టుకున్నారో చెప్పలేను. జోరీ నన్నెత్తి కౌంటరు మీద కూర్చోబెట్టాడు. "డెన్జిల్ ఏడీ? ఇవాళైనా వంకలేం లేకుండా గెలిచామని ఆయన నోట వినాలి!" అని కిటో గొంతు చించుకున్నాడు. ఆయన కుర్చీ ఖాళీ. నాకు ఒళ్ళు మండింది. ఇవాళ కూడానా! మెడపట్టి లాక్కొస్తానని బయటికి నడిచాను.

హాథర్‌బీ బస్సు గేటు దగ్గర ఆగుంది. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు.

"నల్లకోటు పెద్దాయన గాని ఇటొచ్చాడా?"

"ఆయనా? లోపలున్నాడు. మేం ఇక్కడ ఓడినప్పుడల్లా వస్తాడుగా. గెలిస్తేనే కనబడడు."

ఇన్నేళ్ళూ మేం బల్లలెక్కి పాడుతుంటే ఈయన వెళ్ళింది ఓడినవాళ్ళ దగ్గరికా! మూతి ముడుచుకున్నాడని నవ్విన నా మొహం ఎక్కడ పెట్టుకోను?

తలుపులోంచి చూశాను. బస్సంతా ఖాళీ. వెనక సీట్లో థాక్‌రే, బూట్లయినా విప్పకుండా, తల మోకాళ్ళలో పెట్టుకుని ఉన్నాడు. పక్కనే డెన్జిల్, టోపీ ఒళ్ళో పెట్టుకుని.

"మా క్లబ్బుని ముంచేశాను," అంటున్నాడు పిల్లాడు. "అంత సులువు కిక్కు..."

"సులువేంటి నాయనా! ఆ రెండు స్తంభాల మధ్య ఎంత ఖాళీ? నా శవాల బండి దూరిపోతుంది. అందులోంచి ఎవడైనా తంతాడు. స్తంభం లావెంత? నా చెయ్యంత. ఆ గాలిలో, కాళ్ళు వణుకుతూ, సరిగ్గా దాన్నే కొట్టావు! నా జన్మలో ఇంత గురి చూళ్ళేదు. గురిలో నువ్వే గెలిచావు."

ఆ పిల్లాడు తలెత్తి, ఈయనకి మతి ఉందా అన్నట్టు చూశాడు. ముందు ముక్కులోంచి ఓ చప్పుడొచ్చింది. తర్వాత ఏడుపూ నవ్వూ కలగాపులగంగా తన్నుకొచ్చాయి. డెన్జిల్ వాడి వీపు నిమురుతూ కూర్చున్నాడు.

నేను గబగబా వెనక్కెళ్ళి వేడివేడి పాస్టీల పళ్ళెం తెచ్చాను. ఒకటి వాడి చేతిలో పెట్టాను. డెన్జిల్‌ని దులిపేద్దామని వచ్చినదాన్ని, రెండోది ఆయన చేతిలో పెట్టాను. నేను! నోరెక్కువదాన్ని!

"మనవాళ్ళు మీ కోసం చూస్తున్నారు," అన్నాను చివరికి.

"వాళ్ళ దగ్గర నాకేం పనమ్మా? గెలిచామని వాళ్ళకి తెలుసుగా."

థాక్‌రే పాస్టీ పూర్తిచేసి, వేళ్ళు నాక్కుని, పళ్ళెంకేసి మొహమాటంగా చూశాడు. "ఇంకోటి ఉంటుందా అండీ?"

డెన్జిల్ నాకేసి తిరిగి గొడుగు పైకెత్తబోయాడు. బస్సు కప్పు తగిలింది.