దసరాకు ఒక జత

మొన్న ఆదివారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, తాండూరు నుంచి మాట్లాడుతున్న. నాయిన పోయిండు" అంది ఒక ఆడగొంతు. నన్ను అక్కా అని పిలిచేవాళ్లు నాకెవరూ లేరు. అందుకే ఆమె ఎవరో వెంటనే తెలిసిపోయింది.

మా నాయిన తాండూరులో బండలకు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. నాకు మూడేళ్లప్పుడు అమ్మనూ నన్నూ వికారాబాదులో వదిలేసి అక్కడ అప్పటికే పెట్టుకున్న మరో ఇంటికి వెళ్లిపోయాడు. పెద్దమనుషులు కూర్చొని ఏవేవో ఒప్పించారు. వాటిలో నిలిచింది ఒక్కటే. ఏటా దసరాకు ఆయన నన్ను దుకాణానికి తీసుకెళ్లి ఒక జత బట్టలు కొనివ్వాలి. ఆయన గురించి నాకున్న జ్ఞాపకాలన్నీ ఆ బట్టల దుకాణంలోవే. ఏడాదికి ఒక పూట.

అమ్మ నన్ను రైల్లో తాండూరు దాకా తెచ్చి, స్టేషన్ బెంచీ మీద ఉండిపోయేది. ఆయన వచ్చి, అమ్మ వైపు చూడకుండా "నడువు బిడ్డా" అనేవాడు. కనుబొమ్మల మీద తెల్లటి రాతిపొడి. దుకాణం మెట్ల మీద నిలబడి తువ్వాలతో ఒళ్లంతా దులుపుకునేవాడు. దులుపుకోవడానికి అంతసేపెందుకో అప్పుడు తెలియలేదు. లోపలికి రావడం ఆయనకు ఇష్టం లేదు.

"సేటూ, జర పెద్దదే సూపెట్టు. మళ్ల దసరా దాక రావాలె." ఏటా అదే మాట. నాకే రంగు ఇష్టమో ఎన్నడూ అడగలేదు. నేను గౌను ఒంటికి ఆనించుకొని తిరిగేసరికి ఆయన చూపు రోడ్డు మీద ఉండేది.

"మంచిగుందా నాయినా?"

"మంచిగుంది, మంచిగుంది."

ఉన్నమాట చెప్పాలి, ఒక్క ఏడు కూడా ఎగ్గొట్టలేదు. ఒకసారి కాలి మీద బండ పడితే, కట్టుతో కుంటుకుంటూ వచ్చాడు. నొస్తుందా అని అడిగితే "నీ గౌను సంగతి సూస్కో" అన్నాడు. ఆ నడక మాత్రం నేను మరవను.

నా పదకొండో ఏట, నీలం గౌను తీశాక ఆయన సేటుతో "గసొంటిదే ఇంకోటియ్యి, రంగు మార్చి" అన్నాడు. సేటు ఆకుపచ్చది తీసి నా వీపుకు పెట్టి కొలిచాడు. ఈసారి రెండు జతలు! స్టేషన్ దాకా ఎగురుకుంటూ నడిచాను. అక్కడ ఆయన ఒక్క కవరే నా చేతికిచ్చాడు.

"అదెవరికి నాయినా?"

ఆయన పట్టాల వైపు చూశాడు. "నీ చెల్లెకు. ఆమెది గూడ నీ ఎత్తే."

నాకొక చెల్లెలుందని అట్లా తెలిసింది. అమ్మకు చెప్పలేదు. అమ్మకు తెలుసేమో, ఆమే నాకు చెప్పలేదేమో.

ఆ తర్వాత నాలుగేళ్లు నేను ఇద్దరి కొలతకు నిలబడ్డాను. మరుసటి ఏడు "రెండోది ఏది మంచిగుంటది?" అని మొదటిసారి నన్నడిగాడు. దుకాణంలో అన్నిటికంటే ముతకగా, వెలిసిపోయినట్టున్న గౌనును చూపించాను. ఆయన దాన్నే కట్టించాడు. అంత సంతోషం నాకు ఏ పండక్కీ కలగలేదు. ఈ రోజు అది తలచుకోవడానికి సిగ్గుగా ఉంది. పదో తరగతిలో, ఇక నేను రానని కబురు పంపాను. "సరే" అన్నాడట.

ఫోన్ వచ్చిన రోజు అమ్మ "నువ్వు పోతె పో, నేను రాను" అంది. ఒక్కదాన్నే పోయాను. నాయిన మీద కప్పడానికి కొత్తబట్ట కొనాలని ఆ దుకాణం ముందు ఆటో ఆపించాను. కానీ దిగలేకపోయాను. పోనివ్వమన్నాను.

అంతా అయి, స్నానాలు చేసి వచ్చాక చెల్లె నా పక్కన గడప మీద కూర్చుంది. నా ఎత్తే ఉంది.

"నన్ను ఎన్నడు దుకాణానికి తోల్కపోలె అక్కా. ఎంత ఏడ్సినా తోల్కపోలె. బట్టలు కవర్ల పెట్టి తెచ్చి ఇచ్చేటోడు. నిన్నయితే ఏటేటా తోల్కపాయె. ఆడ ఏం ముచ్చట్లు జెప్పేటోడు?"

"ఏం జెప్పకపోయేటోడు. ఊకె కూసునేటోడు."

"అన్నేండ్లల్ల ఒక్క ముచ్చట గూడ లేదా?"

"లేదు."

ఆమె నమ్మలేదు. నాయిన నాకిచ్చినదేదో తనకు చెప్పకుండా దాచుకుంటున్నానని అనుకుంది. అబద్ధమైనా ఒక ముచ్చట అల్లి చెప్పి ఉండొచ్చు. నా దగ్గర అల్లడానికి కూడా ఏమీ లేదు.

లేచి లోపలికి పోతూ తలుపు దగ్గర ఆగింది. ఇప్పుడైనా చెబుతానేమోనని, తలుపు రెక్క పట్టుకొని, తడి జుట్టుతో ఇంకా అక్కడే నిలబడి ఉంది.