సైకిల్ షెడ్డులో దౌలతాబాదు

చరిత్ర చెప్పబోయి తానే సుల్తానై పరువు పోగొట్టుకున్నవాణ్ణి మీరు చూసి ఉండరు. నన్ను చూడండి.

తొంభైల్లో తమిళనాడు కోవిల్‌పట్టిలో ఒక బళ్ళో కొత్తగా చేరాను. బి.ఎడ్. ముగించి వచ్చిన వేడి. నేను చెప్పిన పాఠం పిల్లలు జన్మంతా మరిచిపోకూడదని పంతం. ఆ రోజు పాఠం, రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు మార్చి, మళ్ళీ వెనక్కి రమ్మన్న సుల్తాను గురించి.

"ఆయన నిరంకుశుడా కాదా? నేను చెప్పను. సాక్ష్యం చూసి మీరే తీర్పు చెప్పండి" అన్నాను గొప్పగా.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ప్రజల కష్టం తెలియకుండా తీర్పేమిటని నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకున్నాను.

"ఈ తరగతి ఢిల్లీ. మైదానం అవతలి సైకిల్ షెడ్డు దౌలతాబాదు. బెంచీలతో సహా కదలండి!"

మా వైపు మిట్టమధ్యాహ్నపు ఎండ తెలిసినవాళ్ళు ఇక్కడే నన్ను తిట్టుకుంటారు. పిల్లలు బెల్లంముక్కను లాగే చీమల్లా బెంచీలు మోశారు. నేను వరండాలో నిలబడి గర్జించాను. అందరూ చేరాక, "తిరిగి ఢిల్లీకి!" అన్నాను.

పిల్లలు సగం దారిలో ఉండగా హెడ్మాస్టరుగారు వరండాలోకి వచ్చారు.

"ఏమయ్యా, బెంచీలు ఏలం వేస్తా ఉండావా?"

"చరిత్ర పాఠం సార్. సుల్తాను నిరంకుశుడా కాదా అని..."

"తేలెనా?"

అందరికంటే ముందు వరండా దగ్గరికి చేరిన మారియమ్మ తన బెంచీని దభీమని దించింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూలీల కూతురు. బళ్ళో తమిళం తప్ప మాట్లాడదు. ఆ రోజు ఒళ్ళు మండి ఇంటి తెలుగు బయటికొచ్చింది.

"రాజు సంగతి ఇంకా తేల్లేదు సారూ. జనాల్తో ఆయప్పా ఎండలో నడిచెనా, నీడలో ఉండెనా, పొస్తకంలో రాయలేదు. అది తెలిస్తేనే నాయం చెప్పేది." నావైపు తిరిగింది. "మా సారు సంగతి ఇప్పుడే చెప్తాను. నీడలోనే ఉండెను."

తరగతంతా గొల్లుమంది. హెడ్మాస్టరుగారు మాత్రం నవ్వలేదు. నా తలమీది తువ్వాలు విప్పి భుజాన వేశారు. "తీర్పు అయిపోయె. ఇంక మొయ్యి!"

మోశాను. రెండో బెంచీకే ఆయాసపడుతుంటే మారియమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది. "మెల్లిగా సారూ" అంది. ఆ మాట ఎండకంటే ఎక్కువ కాల్చింది.

మారియమ్మ వేసింది, నేను చదివిన చదువులో ఎవరూ అడగని ప్రశ్న. తర్వాత విరుదునగర్‌కు మారాను. అక్కడ ఎందరు రాజుల పాఠం చెప్పినా పిల్లల్ని ముందు అదే వెతకమన్నాను: ఆయన ఎండలో నడిచాడా?

ఇక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరే రాజధానినీ మార్చను. మార్చక తప్పకపోతే, మొదటి బెంచీ నేనే మోస్తాను. అదీ సాయంత్రం, చల్లబడ్డాక.