అనిత వెల్లకిల ఈత

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డులో బస్సు దిగి, పొలం గట్ల మీద కాస్త దూరం నడిస్తే అనితవాళ్ల ఊరు. వాళ్ల నాన్న పాపన్న బావుల పనివాడు. పూడిక తీయడం, ఊట తగ్గితే ఇంకా లోతుకు తవ్వడం, కూలిన రాతికట్టును మళ్లీ పేర్చడం ఆయన పని. అమ్మ మునెమ్మ చెనిక్కాయ చేలల్లో కూలికి పోయేది. వాళ్లకు అనిత ఒక్కతే బిడ్డ. మాది పుంగనూరు బజారులో గుడ్డల అంగడి. ఎనిమిదో తరగతిలో అనిత నా పక్కన కూర్చోకపోయి ఉంటే మా ఇద్దరికీ స్నేహం కుదిరే దారే లేదు.

ఎవరైనా బావిలో పడితే పైకి తీయడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాపన్ననే పిలిచేవాళ్లు. ఆ పని చేసీ చేసీ, తన బిడ్డకు ఈత వచ్చి తీరాలని ఆయనకు పట్టుదల కలిగింది. అదీ ముందు వెల్లకిల తేలడం రావాలి. బోర్లా ఈదేవాడు అలిసిపోతే మునుగుతాడు, వెల్లకిల పడుకున్నవాడు అలిసిపోయినా ఊపిరి పీల్చుకుంటాడు అనేవాడు. అయితే ఆ ఊళ్లో బావి తవ్వడానికి పాపన్నను దిగమనేవాళ్లు గానీ, ఈదడానికి దిగనిచ్చేవాళ్లు కాదు. కృష్ణప్ప అనే రైతు ఒక్కడే, "నా బావి తవ్వినోడి బిడ్డ నా బావిలో కాకపోతే యాడ ఈదుతాది?" అని ఒప్పుకున్నాడు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి పాపన్న ఐదేళ్ల పిల్లను ఆ బావిలో దించాడు. ఏడాది తిరిగేసరికి బుర్రలు విప్పేశాడు. బళ్లో చేరేనాటికి అనిత ఆకాశం చూస్తూ బావిలో గుండ్రంగా అలుపు లేకుండా తిరిగేది.

1994లో మా హైస్కూలుకు ముద్దుకృష్ణ సారు వ్యాయామం టీచరుగా వచ్చాడు. తిరుపతిలో జిల్లా బళ్ల ఆటల పోటీలున్నాయి, ఈతకు మన బడి నుంచి ఆడపిల్ల ఎవరూ లేరా అని ఆయన క్లాసు క్లాసుకూ తిరిగి అడిగాడు. అనిత చెయ్యెత్తలేదు. ఆమె చెయ్యి పట్టుకుని నేనే ఎత్తాను. ఆదివారం ఆయన తన లూనా మీద కృష్ణప్ప బావిదాకా వచ్చి, గట్టు మీద నిలబడి చూశాడు. బోర్లా ఈదినప్పుడు అనిత అందరు పిల్లల్లాగే ఉంది. వెల్లకిల తిరగగానే సారు గట్టు చివరికి జరిగి, పాపన్న భుజం పట్టుకుని మరీ వంగి చూశాడు.

చిక్కంతా మునెమ్మ దగ్గర వచ్చింది. ఈత బట్టల సంగతి వినగానే ఆమె అడ్డం తిరిగింది.

"అంతమంది మొగోళ్ల ముందర చెడ్డీ యేసుకోని నిలబడల్లా నా బిడ్డ? నేను పంపను సార్."

సారు చాలాసేపు నచ్చజెప్పాడు. పెద్దపెద్ద ఇళ్ల ఆడపిల్లలు కూడా వస్తారన్నాడు. ఆమె వినలేదు. ఆయన ఇక లేచి వెళ్లబోతూ, మాటల్లో మాటగా, మిగతా పోటీల్లో దిమ్మె మీద నిలబడి దూకాలి, వెల్లకిల ఈతకు మాత్రం నీళ్లలో ఉండి గోడకున్న కడ్డీ పట్టుకుని మొదలుపెట్టాలి అని చెప్పాడు. మునెమ్మ ఆ మాట పట్టుకుంది.

"అట్లయితే మొదుటి నుంచీ నీళ్లల్లోనే ఉంటాదా?"

"మొదటి నుంచీ నీళ్లలోనేనమ్మా."

"అయితే అదొక్కటే ఈదనీ. ఇంగొకటొద్దు. నేనూ వస్తాను."

అనిత జీవితంలో బ్యాక్‌స్ట్రోక్ తప్ప వేరే పోటీలో దిగకపోవడానికి కారణం ఇదే. తర్వాతి రోజుల్లో పత్రికలవాళ్లు అడిగినప్పుడు ఆమె ఇంత కథ చెప్పలేక, అదే బాగా వచ్చునని చెప్పి ఊరుకునేది.

ఒంటరిగా ఒక ఆడపిల్లను పంపనని హెడ్మాస్టరు అనడంతో, తోడుగా నా పేరు కూడా రాశారు. నాకు ఈత రాదు. టవలు, చెప్పులు పట్టుకోవడం నా పని. తిరుపతి ఈతకొలను దగ్గర మునెమ్మ తన పాత చీరను అనిత చుట్టూ తెరలా పట్టుకుని నీళ్ల అంచుదాకా నడిపించింది. బిడ్డ మెడదాకా మునిగాక చీర తీసింది. గట్టు మీద కొందరు నవ్వారు. కానీ కాసేపటికి చిత్తూరు నుంచి వచ్చిన ఒక తల్లి మా దగ్గరికొచ్చి, మా పాపకు కూడా కాస్త పట్టుకోమ్మా అని అడిగింది. మధ్యాహ్నానికి ముగ్గురు పిల్లలు మునెమ్మ చీర చాటునే నీళ్లలో దిగారు.

ఈల ఊదగానే అనిత అందరికన్నా ముందుకు పోయింది. సగం దూరం కూడా పోకముందే ఎడమకు ఒరగడం మొదలుపెట్టింది. వరుసల మధ్య కట్టిన తాడు కింద దూరి పక్క పిల్ల వరుసలోకి, అక్కణ్ణుంచి ఆ పక్క వరుసలోకి పోయి, చివరికి అందరికన్నా ముందే గోడ తాకింది. తాకింది గానీ వేరేవాళ్ల గోడ. పోటీ నుంచి తీసేశామని మైకులో చెప్పారు. తను చేసిన తప్పేమిటో అనితకు నీళ్లలోంచి బయటికొచ్చేదాకా తెలియలేదు. తిరుగు బస్సులో ఆమె పుంగనూరుదాకా ఏడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక పాపన్న జరిగిందంతా విన్నాడు. "తప్పు బిడ్డది కాదులే. గుండ్రం నీళ్లల్లో పెరిగింది. దీనికి నిడుపు నీళ్లు కావాల," అన్నాడు.

ఆ ఏడాది వానలకు ఊరి చెరువు నిండింది. చెరువు ఇరుకుగా ఉన్న చోట ఈ గట్టునొక గుంజ, ఆ గట్టునొక గుంజ పాతి, నీళ్లకు మనిషెత్తు పైన బావుల పనికి వాడే తన మోకు తాడును బిగించి కట్టాడు పాపన్న. బట్టలారేయడానికా అని దారినపోయేవాళ్లు అడిగేవాళ్లు. ఆ మోకు కిందుగా, మోకునే చూస్తూ అనిత ఈదేది. పక్కకు ఒరిగితే మోకు కంటి ముందు నుంచి జరిగిపోయేది, అప్పుడు సర్దుకునేది. చలికాలం దాటేసరికి ఆమె గీత గీసినట్టు పోవడం నేర్చింది.

మరుసటేడు జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. ఆ మరుసటేడూ అంతే. హైదరాబాదులో రాష్ట్ర పోటీల్లో ఒకసారి మూడోది, ఒకసారి రెండోది అయింది. మదనపల్లె కాలేజీలో చేరాక పేపరు జిల్లా పేజీలో ఆమె ఫోటో వేశారు. ఆ ఫోటోలో నీటి తుంపర, పైకి లేచిన ఒక చెయ్యి తప్ప ఇంకేం కనిపించదు. అది ఎవరి చెయ్యో ఎట్ల తెలుస్తాదని మునెమ్మ సందేహపడింది. పాపన్న పేపరును వెలుతురుకు పట్టుకుని, మోచేయి చూస్తే తెలియదా, మన పాపదే అన్నాడు. మొహం కనిపించనందుకు మునెమ్మ లోలోపల సంతోషించిందని నా అనుమానం. ఎందుకంటే ఆ పేపరును ఊరంతా తిప్పింది ఆమే.

2000లో యూనివర్సిటీ జట్టుతో అనిత దేశంలోని యూనివర్సిటీలన్నీ కలిసే పోటీలకు వెళ్లింది. ఫైనల్లో ఆరోదిగా వచ్చింది. ఆమె పోటీల జీవితంలో అందుకున్న పెద్ద మెట్టు అదే. ఆరో స్థానానికి పతకం ఉండదు. అయినా ఊళ్లో దిగిన రోజు కృష్ణప్ప తన తోటలో టమోటాలు బుట్టనిండా కోసి వాళ్లింటికి పంపాడు.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. చెరువు ఎండి పిల్లలు అందులో క్రికెట్ ఆడారు. మొదట్లో బావులు లోతు చెయ్యమని పాపన్నకు పని మీద పని వచ్చింది. తర్వాత బోరు లారీలు వచ్చాయి, బావుల పని మొత్తానికే ఆగిపోయింది. ఆయన మదనపల్లె టమోటా మార్కెట్లో పెట్టెలు ఎత్తడానికి కుదిరాడు. కృష్ణప్ప బావిలో అనిత మోకాళ్లు కూడా తడవనంత కొద్ది నీళ్లే మిగిలాయి.

అప్పటికి ఆమె ఒక ఉద్యోగం మీద ఆశ పెట్టుకుంది. ఈతగాళ్లకు రైల్వేలో కొన్ని కొలువులు ఉంటాయని, పోటీ పెట్టి మొదటి ఇద్దరినీ తీసుకుంటారని తెలిసింది. కుప్పంలో ఒక బంధువుల ఇంట్లో ఉంటూ, ఆదివారాలు ప్యాసింజరు రైల్లో బెంగళూరు పోయి అక్కడి కొలనులో ఈదేది. మిగతా రోజుల్లో బల్ల మీద వెల్లకిల పడుకుని, కిటికీ కడ్డీకి కట్టిన సైకిల్ ట్యూబులు లాగుతూ చేతులకు పని చెప్పేది. నేను కుప్పం పోయినప్పుడు చూశాను. నీళ్లు లేని ఈత చూడటం కష్టం.

2003లో ఆ పోటీ జరిగింది. అనిత మూడోదిగా వచ్చింది.

"గోడ దగ్గిరికొచ్చేసిందని తెలస్తానే ఉండాది శ్వేతా. చేతులే ఆడలేదు," అని ఫోన్లో చెప్పింది నాకు. గొంతులో ఏడుపు లేదు, అదే నాకు బాధగా తోచింది.

పాపన్న మార్కెట్ పని మానుకుని కుప్పం స్టేషనుకు పోయి, రైలు దిగిన కూతుర్ని హోటలుకు తీసుకుపోయాడు. ఇడ్లీ తినేదాకా ఏమీ అడగలేదు. ఇంగ చాలు నాయనా, చాలిస్తాను అని ఆమే అంది.

"చాలించేది పోటీ గదమ్మా. ఈతను యాల చాలించేది?" అన్నాడాయన.

ఆమె పోటీ చాలించింది. వ్యాయామ విద్య చదివి, కుప్పం దగ్గర ఆడపిల్లల హాస్టలు బళ్లో టీచరుగా చేరింది. అక్కడ లెక్కలు చెప్పే మునికుమార్‌ను పెళ్లి చేసుకుంది. వాళ్లది వెంకటగిరికోట పక్కన పల్లె. అతను నెమ్మదైన మనిషి, నీళ్లంటే భయం, ఆ భయాన్ని దాచుకోడు. 2005లో వానలు కుమ్మరించాయి. వాళ్ల పొలంలోని బావి పై మెట్లదాకా నిండింది.

ఆ బావిని చూసి అనితకన్నా ఎక్కువ ఆలోచనలో పడింది ఆమె అత్త తిమ్మక్క. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ బావి పక్కనే బతుకుతున్నా తిమ్మక్క పై మెట్టు దాటి ఏనాడూ దిగలేదు. చిన్నతనంలో ఆమె చెల్లెలు ఒక బావిలో పడి చనిపోయింది. ఒకరోజు ఇద్దరూ చెనిక్కాయలు ఒలుస్తుంటే తిమ్మక్క తల ఎత్తకుండానే అడిగింది.

"నా వయసోళ్లకి ఈత వస్తాదా అమ్మా?"

"నన్ను నమ్మి చెయ్యి వదిలితే వస్తాది అత్తా."

చెయ్యి వదలడానికి తిమ్మక్కకు ఎండాకాలమంతా పట్టింది. రోజూ సాయంత్రం అనిత మెడదాకా నీళ్లలో నిలబడి, అత్త వీపు కింద అరచెయ్యి ఆనించి పట్టుకునేది. తిమ్మక్క కోడల్ని తిట్టేది, దేవుళ్లకు మొక్కేది, మధ్యలో లేచి పాలు పితకాలని వెళ్లిపోయేది, మరునాడు మళ్లీ తనే ముందు వచ్చి కూర్చునేది.

2007లో వెంకటగిరికోటలో ఒక పెళ్లికి వెళ్లి నేను వాళ్లింట్లో దిగాను. నేను చూసేసరికి తిమ్మక్క తలకు తువ్వాలు చుట్టుకుని, ఈ మెట్ల నుంచి ఆవలి గోడదాకా ఒక్కతే వెల్లకిల పోతోంది. చేతులు తెడ్లలా పడుతున్నాయి, చప్పుడు చాలా ఎక్కువ. అనిత పక్కనే ఉన్నా ముట్టుకోవడం లేదు. గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నాక తిమ్మక్క గట్టు మీది కొడుకును చూసి, నువ్వూ దిగరా అంది. మునికుమార్ పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పి లేచాడు. అనితకు నవ్వాగక నీళ్లు మింగి దగ్గింది.

రాత్రి భోజనాల దగ్గర తిమ్మక్క నాకూ అనితకూ రెండేసి రాగిముద్దలు, ఊరిబిండి పచ్చడి వేసింది. కొడుకు కంచంలో ఒక ముద్ద పెట్టి, రెండోది బావిలో దిగినాకే అని చెప్పి గిన్నె మూసేసింది.