మేనత్త వెనకడుగు

కోవూరు పొలాల్లో మా మేనత్త వరినాట్లు వేస్తుంటే పక్కవాళ్లు ఆమెను అందుకోలేకపోయేవాళ్లు. అలాంటి మనిషికి నడుము పట్టేసి, వంగడమే గగనమైంది. వెన్నుపూసకు ఆపరేషన్ చేయాలన్న డాక్టరు, "ఆ తర్వాత పొలంలో వంగకూడదమ్మా" అన్నాడు.

"వంగలేకనే గదయ్యా నీ కాడికొచ్చినా! వంగొద్దంటే ఇంక ఆపరేషన్ ఎందుకు?"

డాక్టరు నవ్వేశాడు. "సరే, ఎముక గట్టిపడ్డాక చూద్దాం." ఆ మాట మీదే అత్త ఒప్పుకుంది.

ఆపరేషన్ రోజు నర్సు తెచ్చిన చక్రాల కుర్చీని అత్త పక్కకు నెట్టింది. మా వైపే చూస్తూ, థియేటర్ వైపు వెనక్కి నడవసాగింది.

"ఏందత్తా, వెనకడుగేస్తుండావు? భయమా?" అన్నాను.

"నాటేవాళ్లు వెనక్కే గదరా పోయేది! ముందుకు పోతే నాటిందంతా తొక్కేస్తాం" అంటూ, ఆ నొప్పి నడుముతోనే తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.