చానల్ మందం నాలుగే

రాజమండ్రిలో ఇనుప షెడ్లు కట్టే వర్క్‌షాపులో ఆరేళ్ళు కంప్యూటర్ మీద డ్రాయింగులు గీశాను. మా ఓనరు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. దాచుకోవడం ఎందుకు?

సామర్లకోట దగ్గర ఒక రైస్‌మిల్లులో బస్తాలు పెట్టుకోవడానికి ఇనుప అటక కట్టే పని వచ్చింది. అటక కింద ఒక మూల మిల్లు ఆసామి ఆఫీసు గది. మిగతాదంతా గోతాలు కుట్టే ఆడవాళ్ళు కూర్చునే చోటు. అటకకి అడ్డంగా వేసే ఇనుప దూలాన్ని చానల్ అంటాం. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉన్న స్టాండర్డ్ చానల్ మందం ఐదు మిల్లీమీటర్ల పైమాటే. మా యార్డులో దిగిన లోకల్ సరుకుకి మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూశాను. నాలుగు! పేరు గొప్ప, ఊరు దిబ్బ. వెంటనే లైబ్రరీలోని చానల్‌ని కాపీ చేసి, మందం నాలుగుకి మార్చి, కొత్త సెక్షన్‌గా సేవ్ చేశాను. దాని మీద బస్తాల బరువు వేస్తే స్క్రీన్ మీద అటక మొత్తం ఎర్రబడింది. అంటే ఆ బరువుకి ఆగదు.

ఓనరుకి చూపించాను.

"స్టాండర్డ్‌ని మార్చడానికి మీరెవరండీ? అది తీసేసి పాతదే పెట్టండి."

"వచ్చిన సరుకు అది కాదు కదండీ!"

"డ్రాయింగు ఎవడు చదువుతాడండీ? కాగితం మీద ఏముంటే అది మనవాళ్ళు కోసి అతికించేస్తారు. అంతే."

మర్నాడు మిల్లు ఆసామి మా ఆఫీసుకి వచ్చాడు. ఓనరు ఎదుటే ఆయన చేతిలో చానల్ ముక్కా వెర్నియరూ పెట్టి, "ఒక్కసారి మీరే కొలిచి చూడండి బాబుగారూ" అన్నాను.

ఆయన కొలవలేదు. "తెలుసమ్మా. తక్కువలో కానిమ్మన్నది నేనే" అన్నాడు, చల్లగా.

"మీ ఆఫీసు గది కూడా ఆ అటక కిందేనండీ."

అప్పుడు మారింది మొహం. ఇద్దరూ బయటికెళ్ళి గుసగుసలాడుకున్నారు. ఓనరు తిరిగొచ్చి, "ఆఫీసు గది దగ్గర అటక కింద ఇనుప పోస్టులు నాలుగు ఎక్కువ నిలబెట్టండి. మిగతాది అలాగే ఉంచండి" అన్నాడు.

మిగతాదట! పొద్దస్తమానం సూదులు పట్టుకుని ఆడవాళ్ళు కూర్చునేది దాని కిందే. ఛీ, వీళ్ళూ మనుషులేనా అనుకున్నాను. ఆఫీసు గదికి నాలుగు పోస్టులు గీశాను. ఆడవాళ్ళ వైపు పన్నెండు గీశాను. నా నాలుగు మిల్లీమీటర్ల చానల్‌తోనే మళ్ళీ బరువు వేశాను. ఎరుపు పోయింది. ఓనరు కాగితం తిప్పైనా చూడకుండా సంతకం గీకేశాడు.

అటక లేచి, పైన బస్తాలెక్కాక గానీ ఆయన మిల్లుకి వెళ్ళలేదు. వెళ్ళి వస్తూనే నా సీటు దగ్గరకొచ్చి, "ఎవరు చెప్పారే నీకు అన్ని పోస్టులు వెయ్యమని?" అని అరిచాడు. అండీలన్నీ ఏ గంగలో కలిశాయో!

"ఎవరూ చదవరన్నారు కదండీ" అన్నాను.

ఆ రోజే నా ఉద్యోగం ఊడింది. పోతే పోయింది. బస్తాలు దించకుండా ఆ పోస్టుల్లో ఒక్కటి కూడా పీకలేరు.