సత్తన్న లేతు మీద అంగుళంపావు

తొమ్మిదేళ్ల పాటు ఒక అంగుళంపావు నా గుండెల మీద కూర్చుంది. ఇంట్లో చెప్పలేదు. పనిలో తోటివాళ్లకు చెప్పలేదు. ఏటా కొండగట్టు హనుమంతుడి గుడికి వెళ్లేవాణ్ణి. అంజన్న ముందు నిలబడి అందరి ఆరోగ్యం గురించి అడిగేవాణ్ణి, ఈ ఒక్క ముక్కా ఎత్తకుండా దిగి వచ్చేసేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మొదటి నుంచీ మీతో చెప్పడం కాస్త వీలుగా ఉంది.

నాది కోరుట్ల. చెక్క లేతు పని. మంచం కోళ్లు చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. నేను చేసేది కూజాలు. ఒకే మొద్దును తిప్పుతూ, మూడు వేళ్లు పట్టే మూతిలోంచి లోపలంతా తొలిచి తీసే గుల్ల కూజాలు. గోడ ఎంత పలచన అంటే, వేలితో కొడితే మోగుతుంది. గొప్పలు పోతున్నాడు అనుకుంటున్నారా? పోతున్నాను, నిజమే. కానీ ఆ గొప్పలో సగం నాది కాదు. అది చెప్పడానికే ఇంతసేపూ తంటాలు పడుతున్నాను.

సత్తన్న నాకు తోడబుట్టినవాడు కాదు. సిరిసిల్లలో ఒకే ఉస్తాద్ దగ్గర, మరమగ్గాలకు నూలు చుట్టే చెక్క కండెలు చేస్తూ ఇద్దరం పని నేర్చుకున్నాం. ప్లాస్టిక్ కండెలు వచ్చాక ఆ పని పోయింది. నేను కోరుట్ల వచ్చేశాను, అతను మంచం కోళ్లు చేస్తూ అక్కడే ఉండిపోయాడు. చెయ్యి నాకంటే అతనిదే మంచిది. చూశారా, ఈ మాట రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

కూజా తొలిచేటప్పుడు ఉలి మూతిలోంచి లోపలికి వెళ్లాక కంటికి కనిపించదు. చెక్క దాన్ని ఒక్కసారి పట్టేసిందంటే మణికట్టు తిరిగిపోతుంది, కూజా పగిలిపోతుంది. అందుకని ఉలిని గట్టిగా పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి కావాలి. మొద్దు వణకకుండా చుట్టూ ఆనుకునే మూడు చక్రాల రింగు ఒకటి కావాలి. రెండూ లేతు బెడ్డుకు, అంటే మొద్దు కింద ఉండే జంట ఇనుప పట్టాలకు, బిగుస్తాయి. నావి కొనడానికి ముందు నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆ చేతి కడ్డీ ఎంత లావుంటే వంగదు? పట్టాల మధ్య సందులో దాని బిగింపు దూరుతుందా? అన్నిటికంటే ముఖ్యం ఎత్తు. పట్టాల పై అంచు నుంచి మొద్దు తిరిగే నడిమధ్య దాకా ఎంతుందో రాసి పంపితే, తయారుచేసేవాడు ఆ ఎత్తుకే చేసి పంపుతాడు. చేశాక వెనక్కి తీసుకోడు.

నా కూజాలు చూసి సత్తన్నకూ మనసైంది. ఆర్డరు కాగితం పట్టుకుని కోరుట్ల వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు ఇంగ్లీష్ అస్తది, నువ్వే రాయ్ తమ్మీ. ఎత్తు ఎనిమిదింపావు."

నా పెన్ను ఆగింది. అతని లేతూ నా లేతూ ఒకటే రకం. ఎత్తు ఏడంగుళాలు.

"యాడికెల్లి కొల్చినవన్నా?"

"పట్టా కిందికెల్లి. ఉస్తాద్ గట్లనే గదా మనకు నేర్పిండు."

కండెల లేతులకు చెక్క దూలాలే బెడ్డు. వాటి మీద కొట్టిన ఇనుప పట్టీ అరిగిపోతుంటుంది, మారుస్తుంటారు. అందుకే ఉస్తాద్ పట్టీ మందాన్ని కూడా కలిపి, దాని కింది నుంచి కొలిచేవాడు. అక్కడ అది సరే. కంపెనీ లేతుకు అలా కొలిస్తే పట్టా మందం అంగుళంపావు ఎక్కువ వస్తుంది. ఆ అలవాటు నాకు కోరుట్లలో పోయింది. సత్తన్నకు పోలేదు.

ఒక్క మాట చాలు, పైనుంచి కొలువన్నా అని. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ జగిత్యాలలో జరిగే చెక్కపని ప్రదర్శనలో అందరికంటే మంచి పనిని పెట్టే నడిమి బల్ల ఒకటే ఉంటుంది. ఆ ఏడు దాని మీద నా కూజాలున్నాయి. సత్తన్న చేతికి ఈ సామాను వస్తే వచ్చే ఏడు అక్కడ ఎవరివి ఉంటాయో నాకు బాగా తెలుసు.

"గట్లనే రాస్తున్నన్నా," అన్నాను. రాశాను.

సామాను వచ్చింది. రింగు నడిమధ్యకు అంగుళంపావు పైన నిలబడింది. సత్తన్న ఫోన్ చేశాడు. "నా కొలతే తప్పినట్టుంది తమ్మీ. నువ్వేం జేస్తవ్, నేను చెప్పిందే రాస్తివి." అయ్యో అన్నాను. అంతకంటే నీచమైన అయ్యో నేను ఎన్నడూ అనలేదు. ఎందుకంటే ఆ ఇనుప కాళ్లను వెల్డింగ్ దుకాణంలో అంగుళంపావు కోసి అతికిస్తే సరిపోతుందని కూడా నాకు తెలుసు. మొదటిసారి నోరు మూసుకోవడం ఒక క్షణం బలహీనత అనుకుందాం. మరి ఇది? అబద్ధమైతే ఆడలేదు కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అతను వాటిని గోనెసంచిలో చుట్టి బెంచీ కింద పెట్టి, మళ్లీ మంచం కోళ్లకు దిగాడు.

ఈ వేసవిలో మళ్లీ ఫోన్. "గా సామాను పాత ఇనుముల ఏద్దామనుకుంటున్న. నీకేమన్న పనికస్తదా తమ్మీ?" మోసపోయినవాడు, మోసం చేసినవాడికే ఇస్తానంటున్నాడు. మర్నాడు పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కాను.

కాళ్లు కోయించి చూద్దామన్నాను. ఇద్దరం సంచి మోసుకుని వెల్డింగ్ దుకాణానికి వెళ్లాం. కోయడం, అతకడం అంతా కలిపి గంట కూడా పట్టలేదు. గంట! బిగించి చూస్తే ఉలి మొన సరిగ్గా నడిమధ్యకు వచ్చింది. మొదటి మొద్దుకు అడుగున చిల్లు పడింది, పగలబడి నవ్వుకున్నాం. రెండోది వేప మొద్దు. సాయంత్రానికల్లా సత్తన్న దాన్ని లేతు మీద నుంచి దించాడు. రెండు వేళ్లు మాత్రమే పట్టే మూతి. నా కూజా కంటే బెత్తెడు పొడవు. గోడ నాదానికంటే పలచన. ఇన్నేళ్ల అనుభవం నాది, నేను అలాంటిది ఒక్కటీ చేయలేదు. కుళ్లు పుడుతుందని భయపడ్డాను. పుట్టలేదు. కేక వేశాను.

"నువ్వు రాకపోతే ఇది యాడిది తమ్మీ," అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. మొత్తం. అతను ఒక్కటే అడిగాడు, కోసి అతికిస్తే అవుతుందని కూడా అప్పుడే తెలుసా అని. తెలుసన్నాను. కూజాను మెల్లగా బెంచీ మీద పెట్టాడు.

"ఇంకోపారి నన్ను అన్నా అనకు," అని లేతు ఆన్ చేశాడు.

పోయిన వారం జగిత్యాలలో ప్రదర్శన జరిగింది. నడిమి బల్ల మీద ఏం పెడదామని ఎప్పటిలాగే నిర్వాహకులు నన్నే అడిగారు. అతను తెచ్చి మూల బల్ల మీద పెట్టుకున్న వేప కూజా చూపించాను. నావి పక్కకు జరిగాయి. జనం దాని చుట్టూ మూగి ఒకటే ఫొటోలు. ఒకాయన నా భుజం తట్టి, "గిది గూడ నీదేనా?" అన్నాడు.

"కాదు. సిరిసిల్ల సత్తయ్యది. తొమ్మిదేండ్ల కిందనే ఈడ ఉండాల్సింది. నేనే ఆపిన."

సత్తయ్య నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. తల తిప్పలేదు. ఇంకొకరు అడిగారు, మళ్లీ చెప్పాను, ఇంకాస్త గట్టిగా. తర్వాత అడగనివాళ్లకు కూడా పిలిచి చెప్పాను. ఛీ అన్నవాళ్లున్నారు, నవ్వినవాళ్లున్నారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. అతను నా వైపు ఒక్కసారీ చూడలేదు. నేను చెప్పడం ఆపలేదు.