బీడు నాణెం

పరాయి దేశంలో పనిచేసేటప్పుడు మా రూములో ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అందరం అన్నా అనేవాళ్లం. మనిషి బంగారం. కానీ మనామా సూక్ బజారులో అడుగుపెడితే మోసపోకుండా తిరిగొచ్చేవాడు కాదు. కొన్న గడియారం మా లేబర్ క్యాంపు చేరేలోపే ఆగేది. అత్తరు మూత తీస్తే రంగునీళ్లు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం, అందరికంటే గట్టిగా నేను.

ఒక శుక్రవారం, మధ్యలో చదరపు బొక్క ఉన్న తుప్పు బిళ్ల ఒకటి తెచ్చాడు. వెయ్యేళ్ల కిందటి చైనా రాజుల నాణెమట. రాగి చాలక ఇనుము కరిగించి అచ్చుల్లో పోసేవాళ్లట. ఊళ్లో పదో తరగతి చదివే బిడ్డ పాత నాణేలు పోగేస్తుంది, ఆమెకోసం కొన్నాడు.

"రేకు గోసి బొక్క పెట్టిండ్రే అన్నా! తుబ్లీల మన వర్క్‌షాపుల నేను పూటకు వంద జేస్త," అన్నాను.

రూమంతా గొల్లుమంది. ఆయన ముఖం మాడిపోయింది. "ఈసారి మోసపోలే తమ్మీ. బిడ్డ మీద ఒట్టు, ఇది అసల్దే."

మాది ఇనుప పని. పోత పోసిన ఇనుమును బీడు అంటాం. రేకైతే దెబ్బకు వంగుతుంది, బీడైతే పుటుక్కున విరుగుతుంది. చైనా చరిత్ర తెలియదు గానీ ఇది మాకు బాగా తెలుసు. మర్నాడు చాయ్ టైములో షాపులో అందరూ చుట్టూ చేరారు. "యల్లా, కొట్టు!" అంటూ ఆయనే నాణేన్ని దాగలి మీద పెట్టాడు. వంగుతుందని నాకు నూటికి నూరుపాళ్లు నమ్మకం. సుత్తెతో ఒక్కటిచ్చాను.

రెండు ముక్కలైంది. విరిగిన చోట బొంబాయి రవ్వలా గరగరలాడుతోంది. వెయ్యేళ్లదో కాదో గానీ, బీడైతే బీడే.

"జూసిన్రా! అసల్దే!" అని ఎగిరి గంతేశాడాయన. ముక్కలు పట్టుకుని షాపంతా తిరిగాడు, ఫోర్‌మన్‌కు కూడా చూపించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఊపులోనే బిడ్డకు వీడియో కాల్ చేశాడు.

"అసల్దే బిడ్డా! మీ కాక పలగ్గొట్టి మరీ జూసిండు."

"పలగ్గొట్టిండా? నువ్వెట్ల కొట్టనిచ్చినవ్ బాపూ?"

ఆయన చేతిలోని ముక్కల్ని అప్పుడే చూసినట్టు చూశాడు. రెంటినీ వేళ్లతో దగ్గరకు నొక్కిపట్టాడు.

"అందరు నవ్వుతున్నరు గద బిడ్డా," అన్నాడు.